ఆరో కోర్టు కబుర్లు

క్లేర్మాంట్ పక్క నుంచి
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. పదకొండు నిమిషాలు మీ అపార్ట్‌మెంట్ లిఫ్టు గొడవంతా చెప్పి, అసలు సంగతి ఆఖరి అరనిమిషంలో కక్కావు. ఈ అలవాటు నీకు కాలేజీ రోజుల నుంచీ ఉన్నదే. ఎవరో కన్సల్టెన్సీ వాడు "చిన్న కాలేజీ అయితే ఈజీ సార్, టెన్నిస్ స్కాలర్‌షిప్ మీద అబ్బాయిని పంపించేద్దాం, ఏదో ఒక వారం ప్లేయర్ ఆఫ్ ది వీక్ కూడా కొట్టేస్తాడు" అన్నాడా? ఫోన్‌లో చెబుదామంటే నువ్వు మధ్యలో అడ్డుపడతావు. అందుకే రాస్తున్నా. చెల్లెమ్మని ఒక కప్పు టీ పెట్టమను, కాదులే, నువ్వే పెట్టుకో, పెట్టుకుని కూర్చో.

ముందు చేదు మాట. ఇక్కడ అమెరికాలో కాలేజీ ఆటల్ని చూసే ఎన్‌సీఏఏ అనే సంస్థ 1973లో కాలేజీల్ని మూడు డివిజన్లుగా విడగొట్టింది. ఆ మూడో డివిజన్‌లో ఆటకి స్కాలర్‌షిప్పే లేదురా. ఆడినందుకు ఒక్క సెంటు ఇవ్వరు. మార్కులు చూసి, ఇంటి ఆదాయం చూసి ఫీజు తగ్గించే కాలేజీలు ఉన్నాయి కానీ దానికీ రాకెట్‌కీ సంబంధం లేదు. డబ్బిచ్చేది మొదటి, రెండో డివిజన్లు. అక్కడ కూడా చేటలతో పొయ్యరు. మొదటి డివిజన్‌లోనే ఈమధ్య రూల్స్ మారేదాకా మగపిల్లల టెన్నిస్ టీముకి మొత్తం 4.5 స్కాలర్‌షిప్పులే ఉండేవి. నాలుగున్నర! ఎనిమిదీ పదిమందికి దాన్నే పంచుకోవాలి, పెళ్లి భోజనాల్లో ఆఖరి బంతికి మిగిలిన బూరెల్లాగా. మన సాకేత్ మైనేని ఆడిన అలబామా ఆ మొదటి డివిజన్‌దే. ఆ పిల్లాడు తర్వాత 2014 ఏషియన్ గేమ్స్‌లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ గోల్డ్ తెచ్చాడు కదా. ఆ లెవెల్ వేరు.

ఇక చిన్న కాలేజీ అనగానే ఊరి చివర రెండు రేకుల షెడ్లు అనుకోకు. ఎంఐటీ, కాల్‌టెక్, కార్నెగీ మెలన్, జాన్స్ హాప్కిన్స్, యూనివర్సిటీ ఆఫ్ షికాగో, టెన్నిస్ విషయంలో ఇవన్నీ మూడో డివిజన్ కాలేజీలే. మనవాళ్లు సీటు కోసం వెంకన్నకి మొక్కుకునే కాలేజీల పిల్లలు బస్సెక్కి పక్క ఊరికెళ్లి, ప్రేక్షకులు పాతికమంది కూడా లేనిచోట చెమట కక్కుతూ ఆడతారు. నాకు ఈ పిచ్చి పట్టింది అక్కడే.

మా ఇంటికి పదిహేను నిమిషాల దూరంలో క్లేర్మాంట్ ఉంది. చెట్లూ కాలేజీలూ తప్ప ఇంకేం లేని ఊరు. క్లేర్మాంట్ మెకెన్నా, హార్వీ మడ్, స్క్రిప్స్ మూడూ కలిసి ఒక టీము. స్క్రిప్స్ ఆడపిల్లల కాలేజీ, కాబట్టి మగపిల్లల టీములో మొదటి రెండు కాలేజీల వాళ్లే ఉంటారు. పేరు స్టాగ్స్, అంటే మగ జింకలు. సిక్స్త్ స్ట్రీట్ దాటితే పొమోనా, పిట్జర్ కలిసి ఇంకో టీము. వాళ్లు సేజ్‌హెన్స్, ఒక జాతి అడవికోడి. రోడ్డుకి ఇటు జింక, అటు కోడి. మన ఊళ్లో ఎదురెదురు టిఫిన్ సెంటర్లకి ఎంత పడదో వీళ్లకీ అంతే పడదు. జింకలు 2015లో నేషనల్ టైటిల్ కొట్టాయి. నాకీ సంగతులేవీ తెలీవు అప్పుడు. డాక్టరు రోజూ నడవమన్నాడు, నడుస్తుంటే బంతి చప్పుడు వినపడింది, వెళ్లి కూర్చున్నాను. టికెట్ లేదు.

టీవీలో చూసే టెన్నిస్‌కీ దీనికీ పోలికే లేదు. అప్పట్లో పద్ధతి ఇలా ఉండేది. ముందు మూడు కోర్టుల్లో మూడు డబుల్స్, ఒక్కోటీ ఎనిమిది గేముల సెట్టు. తర్వాత ఆరు కోర్టుల్లో ఆరు సింగిల్స్, అన్నీ ఒకేసారి. మొత్తం తొమ్మిది పాయింట్లు, ఎవరికి ముందు ఐదొస్తే వాళ్లు గెలిచినట్టు. నంబర్ వన్ నుంచి సిక్స్ దాకా సత్తా ప్రకారమే నిలబెట్టాలి. గట్టివాణ్ణి కింద దాచిపెట్టి తేలిగ్గా పాయింటు కొట్టేద్దాం అంటే కుదరదు, తప్పు. స్కోరు చూపించడానికి నెట్టు పక్కన తిప్పుకునే అంకెల అట్టలు ఉంటాయి, వైపు మారినప్పుడల్లా ఆడేవాళ్లే తిప్పుకోవాలి. లైను కాల్స్ కూడా వాళ్లవే. నీ వైపు పడ్డ బంతి లోపలో బయటో నువ్వే చెప్పాలి. అంపైరు అన్ని కోర్టులకీ కలిపి ఒకళ్లో ఇద్దరో, తిరుగుతూ ఉంటారు. మనం గల్లీ క్రికెట్‌లో ఎన్ని రనౌట్లు నాటౌట్లు చేశామో గుర్తు తెచ్చుకుని సిగ్గేసింది నాకు.

ఇప్పుడు ఆ కన్సల్టెన్సీ వాడు చెప్పిన వారం అవార్డు సంగతి. ఒక ప్రాంతంలోని కాలేజీలు కొన్ని కలిసి కాన్ఫరెన్స్ అని ఉంటాయి. సీజన్ నడుస్తున్నంతకాలం ప్రతి వారం ఆ కాన్ఫరెన్స్ ఒక కుర్రాణ్ణి ఎంచుతుంది. ప్రతి కాలేజీలో ఆటల వార్తలు చూసే ఆఫీసు ఒకటుంటుంది. వాళ్లు ఆదివారం రాత్రి లెక్కలు కట్టి మావాడు సింగిల్స్‌లో ఇన్ని గెలిచాడు, డబుల్స్‌లో ఇన్ని గెలిచాడు, ఫలానా ర్యాంకు వాణ్ణి ఓడించాడు అని పంపిస్తారు. సోమవారమో మంగళవారమో పేరు బయటికొస్తుంది. సీజన్ మొదట్లో చేతులు కట్టుకుని దిగిన ఫొటో ఒకటుంటుంది, ప్రతిసారీ అదే ఫొటో వేస్తారు. కింద నాలుగు లైన్లు. మన పేపర్ జిల్లా ఎడిషన్‌లో "రాష్ట్రస్థాయి పోటీలకు ఎంపిక" అని వస్తుందే, అచ్చం అలా. వాళ్లమ్మ దాన్ని ఫ్రిజ్ మీద అంటిస్తుంది. అంతకుమించి రూపాయి రాదు, కప్పు రాదు.

తీసిపారెయ్యడానికి చెప్పట్లేదు. నేనూ సోమవారం పొద్దున్నే ఆఫీసు మీటింగ్‌లో కెమెరా ఆపేసి అది చూసేవాణ్ణే. కానీ నాలుగైదు సీజన్లు చూశాక ఒకటి అర్థమైంది. ఆ పేరు దాదాపు ఎప్పుడూ నంబర్ వన్‌దో, టూదో. ఎందుకంటే పేర్లు ఎంచేవాళ్లు అన్ని మ్యాచులూ చూడలేరు, కాగితం చూస్తారు. కాగితం మీద నంబర్ వన్ ఇంకో నంబర్ వన్‌ని ఓడిస్తే బరువుగా కనిపిస్తుంది. ఆరోవాడు ఆరోవాణ్ణి ఓడిస్తే ఎవరిక్కావాలి?

కోవిడ్‌కి ముందు ఏడాది మార్చిలో అనుకుంటా, ఒక మ్యాచ్ చూశాను. ఏ కాలేజీ అని రాయను, రెండువైపులా పిల్లలే కదా. మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలైంది. నాలుగున్నర అయ్యేసరికి స్కోరు నాలుగు నాలుగు. ఐదు కోర్టులు ఖాళీ. ఆరో కోర్టు ఒక్కటే నడుస్తోంది, అదీ మూడో సెట్టు. అప్పటిదాకా అందరం మొదటి కోర్టు ముందు కూర్చున్నాం, అక్కడ నంబర్ వన్ ఫోర్‌హ్యాండ్ తుపాకీ పేల్చినట్టు కొట్టి గంటలో పని ముగించేశాడు. ఇప్పుడు అందరం కుర్చీలు ఎత్తుకుని చివరికి పరుగు. గెలిచిన నంబర్ వన్ కూడా కాళ్లకి ఐసు ముక్కల సంచులు కట్టుకుని కుంటుకుంటూ వచ్చి కంచె పట్టుకుని నిలబడ్డాడు.

ఆరో నంబర్ కుర్రాడు బక్కపలచన, కళ్లజోడు, టోపీ తిరగేసి పెట్టుకున్నాడు. వాడి ఆట చూస్తే నీకు నిద్రొస్తుంది. ఏ బంతినీ గట్టిగా కొట్టడు. ఎత్తుగా, లోతుగా, మళ్లీ ఎత్తుగా, మళ్లీ లోతుగా. మా నాయనమ్మ రోట్లో గోంగూర పచ్చడి నూరేది చూడు, విసుగూ లేదు, తొందరా లేదు, ఆ టైపు. రెండు ఐదుతో వెనకబడి ఉన్నాడు. పైగా కుడి పిక్క పట్టేసింది. వైపు మారేటప్పుడు కోచ్ ఒక చిన్న సీసా ఇచ్చాడు. పికిల్ జ్యూస్. పికిల్ అన్నాను కదా అని ఆవకాయ ఊట అనుకోకు, దోసకాయలు ఊరబెట్టిన ఉప్పునీళ్లు. కండలు పట్టేస్తే ఇక్కడ అదే మందు. వాడు గడగడా తాగేసి మొహం చింతపండులా పెట్టి, మళ్లీ వెళ్లి గీత మీద నిలబడ్డాడు.

తర్వాత నలభై నిమిషాలు ఏం జరిగిందో నీకు పాయింటు పాయింటుగా చెప్పగలను కానీ చెప్పను, నువ్వు ఆవలిస్తావు. ఒక్కటి మాత్రం చెప్తా. ఐదు ఐదు, డ్యూస్. అవతలివాడి బంతి మావాడి వెనక గీత దగ్గర పడింది. నేను కూర్చున్నచోట నుంచి బయటే. నా పక్కనున్న ముసలాయనకి కూడా బయటే. ఈ కుర్రాడు వెనక్కి తిరిగి, ఆ అచ్చు వంక చూసి, అరచెయ్యి నేలకేసి చదునుగా పెట్టాడు. లోపలే అని. పాయింటు పోయింది. వాళ్ల టీము వాళ్లు ఒక్కడూ నోరెత్తలేదు. రాకెట్ పిడికి చుట్టిన టేపు ఊడి వేలాడుతుంటే పంటితో కొరికి తెంపేసి, తర్వాతి బంతికి సిద్ధమయ్యాడు. ఏడు ఐదుతో గెలిచాడు. అవతలివాడు ఆఖరి బంతిని నెట్‌కి కొట్టి అక్కడే కూలబడితే, వీడు వెళ్లి చెయ్యి ఇచ్చి లేపి, ఆ తర్వాత తనే కింద పడుకున్నాడు. పిక్క మళ్లీ పట్టేసింది మరి.

సోమవారం ఆ వారం వీరుడి పేరొచ్చింది. నంబర్ వన్. రెండు సింగిల్స్, రెండు డబుల్స్, అన్నీ గెలుపే. న్యాయమే. వాడూ గెలవకపోతే నాలుగు నాలుగు దాకా వచ్చేదే కాదు. ఆరోవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు. ఆ సాయంత్రం కాఫీ షాపులో లాప్‌టాప్ ముందు కనిపించాడు, ఏదో ల్యాబ్ రిపోర్టు కొడుతున్నాడు. "నీ మ్యాచ్ చూశాను" అన్నా. "మొత్తం కూర్చున్నారా? సారీ అండీ, చాలా బోర్ కొట్టుంటుంది" అన్నాడు. నవ్వాలో ఏం చెయ్యాలో తెలీలేదు.

ఇంకో కిటుకు ఉంది ఈ వారం లెక్కల్లో. మార్చిలో మిన్నెసోటా, మెయిన్ లాంటిచోట్ల ఇంకా మంచు. ఆ కాలేజీలు సెలవుల వారం చూసుకుని కాలిఫోర్నియాకో ఫ్లోరిడాకో వచ్చి, వారంలో నాలుగైదు మ్యాచులు దంచేస్తాయి. మా ఊళ్లో ఆ టైములో జింకలూ కోళ్లూ కలిసి స్టాగ్-హెన్ అని ఒక టోర్నీ పెడతారు. చలికాలమంతా కప్పు కింద ఆడి పాలిపోయిన కాళ్లతో ఆ పిల్లలు ఎండలోకి వస్తే, కోడిగుడ్డు పెంకు తీసినట్టు ఉంటారు. మొదటిరోజు గాలికి బంతి ఎటు పోతోందో తెలీక అల్లాడతారు. మూడోరోజుకి సర్దుకుంటారు. అలాంటి వారంలో ఒకడు ఎనిమిదికి ఎనిమిది గెలిచాడంటే అందులో సగం గొప్పతనం మోకాళ్లది. మామూలు వారంలో ఒక్క మ్యాచే ఆడి, ఒక్క గట్టివాణ్ణి ఓడించినవాడు పక్కన చిన్నగా కనిపిస్తాడు. రెంటినీ ఒకే తక్కెట్లో ఎలా వేస్తారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఈ డివిజన్ నుంచి పైకెళ్లినవాళ్లు లేరా అంటావు. ఉన్నారు. ఎరిక్ బ్యుటొరాక్ అని, మిన్నెసోటాలో గస్టావస్ అడాల్ఫస్ అనే కాలేజీ. పేరు నోరు తిరగదు, వదిలెయ్. 2003లో మూడో డివిజన్ సింగిల్స్, డబుల్స్ రెండూ కొట్టాడు. తర్వాత డబుల్స్ ప్రొఫెషనల్ అయ్యి 2014 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ దాకా వెళ్లాడు. అంతకుముందు 2009లో మన చెన్నై ఓపెన్ డబుల్స్ గెలిచాడు, రాజీవ్ రామ్‌తో కలిసి. ఆ కాలేజీ కోచ్ స్టీవ్ విల్కిన్సన్ మొత్తం 923 మ్యాచులు గెలిపించిన మనిషి. ఆయన పిల్లలకి చెప్పింది మూడే ముక్కలు: మంచి మనసుతో ఆడు, ఉన్న శక్తంతా పెట్టు, ఆటలో మర్యాద తప్పకు. గెలుపు అన్న మాటే లేదందులో, ఎందుకంటే అది నీ చేతిలో లేదు కదా. ఆ మూడూ మన ఆరో కోర్టు కుర్రాడిలో అచ్చంగా చూశాను నేను, పికిల్ జ్యూస్‌తో సహా.

కాబట్టి బావా, ఆ కన్సల్టెన్సీ వాడికి అడ్వాన్సు ఇచ్చుంటే రేపే వెళ్లి వెనక్కి అడుగు. అల్లుడికి ఆడాలని నిజంగా ఉంటే, నువ్వు కాదు, వాడే కోచ్‌లకి మెయిల్ రాయాలి. తండ్రులు రాస్తే ఇక్కడ మొహం చిట్లిస్తారు. మార్కులు ముందు, రేటింగ్ తర్వాత, వీడియో ఆఖరున. వీడియో అంటే నువ్వు పంపావే, ఏస్‌లన్నీ ఏరి వెనకాల సినిమా పాట పెట్టి, అది కాదు. ఒక మ్యాచ్ మొత్తం, ఓడిపోయింది అయినా సరే. మూడో సెట్టులో వాడి మొహం కనపడాలి. ఇంకోటి, వాడికి టీములో చోటు దొరికితే అది ఐదో ఆరో అవుతుంది. వారం వారం వాడి పేరు కోసం నెట్‌లో వెతికి, కనపడలేదని ఇంట్లో అందరి మీదా అరవకు. నీ సంగతి నాకు తెలుసు.

ఏప్రిల్ ఆఖర్లో వీలైతే రారా. ఇక్కడికి రెండు గంటల దూరంలో ఓహై అని కొండల మధ్య చిన్న ఊరు. 1890ల నుంచీ అక్కడ టెన్నిస్ పండగ జరుగుతోంది. ఆర్థర్ యాష్, బిల్లీ జీన్ కింగ్ లాంటి టెన్నిస్ దిగ్గజాలు ఆడిన చోటే ఈ చిన్న కాలేజీల పిల్లలూ ఆడతారు. పొద్దున పార్కులో తాజాగా పిండిన నారింజ రసం ఇస్తారు, మధ్యాహ్నం పింగాణీ కప్పుల్లో టీ. ఫ్రీ. టీ మాత్రం మన టీ కాదు, వేడినీళ్లలో రంగు. ఫ్లాస్కులో అల్లం టీ నేను తెస్తాను. ఆరో కోర్టు పక్కన చెట్టునీడ చూసి కుర్చీలు వేసుకుందాం.

చెల్లెమ్మకి అడిగానని చెప్పు. లిఫ్టు సంగతి ఏమైందో ఈసారి అరనిమిషంలో చెప్పు.

నీ
రెండో బెంచీ గాడు