లాడ్జి రిజిస్టరు మీద అట్ట పెట్టండి

సంపాదకులు గారికి,

నగరాల్లోని గే పబ్బులు, డ్రాగ్ షోల మీద పత్రికల్లో అప్పుడప్పుడు రంగుల పేజీలు వస్తుంటాయి. అవి చూసి ఒడిశాలోని మన బరంపురం వ్యాపారులు ‘అవన్నీ బొంబాయి, హైదరాబాదు వేషాలు, మన ఊళ్ళో ఎక్కడివి’ అంటారు. ఆ మాట అన్న పెద్దమనిషి లాడ్జిలోనే, ఆ పక్క టీకొట్టు బెంచీల మీదే, ఎదురు సందులోని టైలరు దగ్గరే గే, ట్రాన్స్ మనుషుల గిరాకీ ఏళ్ళ తరబడి నడుస్తోంది. పేరు పెట్టి ఎవరూ అనరు, అంతే. ఈ ఉత్తరం ఆ వ్యాపారులకూ, వాళ్ళ గుమ్మం తొక్కేవాళ్ళకూ.

పబ్బు లెక్క ముందు చెప్పేస్తాం. నగరాల్లో గే పార్టీల నిర్వాహకులు పబ్బుకు బేరం పలచగా ఉండే రోజు ఒకటి మాట్లాడుకుంటారు. గేటు డబ్బు వాళ్ళది, బార్ అమ్మకం పబ్బుది. అమ్మకం అనుకున్నంత రాకపోతే తేడా కడతామని కొన్నిచోట్ల ముందే ఒప్పుకోవాలి. ఢిల్లీ లలిత్ హోటల్లోని కిట్టీ సూ లాగా యజమానే ముందుండి నడిపేవి తక్కువ. మగవాళ్ళ మధ్య, ఆడవాళ్ళ మధ్య సంబంధాన్ని నేరంగా చూసిన పాత 377 సెక్షన్ మీద నడిచిన కేసులో ఆ యజమాని కేశవ్ సూరి ఒక పిటిషనర్. ఏ పద్ధతిలోనైనా వారం వారం ఒకే గుమ్మంలోంచి వంద మంది లోపలికి నడవాలి. బరంపురంలో వంద మంది లేక కాదు, ఆ గుమ్మానికి ఎదురుగా ఎవరో ఒకరి మేనమామ కొట్టు ఉంటుంది. పైగా నగరాల్లో కూడా చాలా పబ్బుల్లో శనివారం ‘స్టాగ్ ఎంట్రీ లేదు’ అని బోర్డు కడతారు. ఆడ తోడు లేని మగవాళ్ళను రానివ్వరు. అమ్మాయిలను వేధించేవాళ్ళ కోసం పెట్టిన నియమం, ఏ అమ్మాయి జోలికీ పోని ఇద్దరు అబ్బాయిలను బయట నిలబెడుతుంది.

మన ఊరికి రాత్రంతా మెలకువ రెండేళ్ళకోసారి, ఠాకురాణి అమ్మవారి యాత్రకు. పులి వేషం నుంచి ఆడవేషం దాకా మొక్కుకున్నవాళ్ళంతా వీధిలోకి వస్తారు, చీర కట్టిన మగవాణ్ణి చూసి ఎవరూ నవ్వరు. మిగతా రోజుల్లో సాయంత్రం అయిదుకు మొదలై తొమ్మిదిన్నరకు సర్దుకోవాలి. సరిహద్దు అవతల ఆంధ్రాలోని ఇచ్ఛాపురం, సోంపేట నుంచి వచ్చినవాళ్ళకు తిరుగు బస్సో రైలో దొరకాలి కదా. పుట్టినరోజు పేరుతో చిన్న హాలు తీసుకుని ఇరవై మంది కూర్చునే పద్ధతే ఇక్కడ కుదిరేది. మందు లేకపోతే ఎక్సైజు పర్మిషన్ల గొడవ ఉండదు. రాత్రి 10 తర్వాత బయట స్పీకరు పెట్టకూడదు, తలుపులు మూసిన హాల్లో పెట్టుకోవచ్చు. పిలుపులకు మాత్రం మామూలు వాట్సాప్ గ్రూపు పెట్టకండి, అందులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. టెలిగ్రామ్‌లో నంబరు దాచుకోవచ్చు.

అసలు చిక్కంతా లాడ్జి దగ్గర.

ఇద్దరు మగవాళ్ళకు మన లాడ్జిల్లో గది తేలిగ్గానే ఇస్తారు. ఎంకేసీజీ ఆసుపత్రికి వచ్చిన రోగి తాలూకు మనుషులో, పట్టుచీరల బేరానికి వచ్చినవాళ్ళో అనుకుంటారు. ఆధార్ మీద బరంపురం చిరునామా కనబడగానే కథ మారుతుంది. ‘లోకల్ ఐడీకి ఇవ్వం’ అనేది చట్టం కాదు, ఆ లాడ్జి పెట్టుకున్న కట్టుబాటు. యజమానుల భయం 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం గురించి. ఆ చట్టం ఒళ్ళమ్ముకునే వ్యాపారానికి చోటివ్వడం గురించి. మేజర్లయిన ఇద్దరు తమ ఇష్టంతో గది తీసుకుంటే దానికి సంబంధం లేదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతో మేజర్ల మధ్య ఇష్టపూర్వక సంబంధం నేరం కాకుండా పోయింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 377 అనే సెక్షనే లేదు. ఇద్దరు ఆడపిల్లలు వస్తే ‘ఇంటి నంబరివ్వండి, మీ నాన్నగారితో మాట్లాడతాం’ అనే మేనేజర్లున్నారు. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకు ఆ ఫోను అక్కర్లేదు. ఒక ట్రాన్స్ పురుషుడు (ఆడపిల్లగా పుట్టినా మగవాడిగా బతికేవాడు), అతని సహచరి కలిసి బతికే హక్కును మన ఒరిస్సా హైకోర్టే 2020 ఆగస్టు 24న గుర్తించింది. ఇక ట్రాన్స్ మహిళలను చూడగానే ‘రూములు ఖాళీ లేవు’ అంటారు, తాళాలు వెనక బోర్డుకు వేలాడుతూనే ఉంటాయి. బసలోనూ సేవల్లోనూ ఆ వివక్షను 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం నిషేధించింది.

గది ఇచ్చే లాడ్జిలోనూ ముప్పు ఎక్కడుందో చూడండి. కౌంటరు మీద పొడుగాటి రిజిస్టరు తెరిచి ఉంటుంది. పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోను నంబరు, ఎక్కడి నుంచి రాక, ఎక్కడికి పోక, సంతకం. పదహారో వరుసలో సంతకం పెట్టేవాడి కళ్ళ ముందు పై పదిహేను వరుసలూ పరిచి ఉంటాయి. బెదిరింపు ముఠాలకు నంబర్లు దొరికే చోట్లలో ఇదొకటి. దీనికి మందు అట్టముక్క. పేజీ అంత అట్ట తీసుకుని మధ్యలో ఒక్క వరుస పట్టేంత సందు కోయండి. సంతకానికి ఆ సందు చూపించండి, మిగతాది మూసి ఉంటుంది. పోలీసులు అడిగినప్పుడు అట్ట తీసి మొత్తం చూపించవచ్చు. రెండోది, ఆధార్ ఫోటోను రిసెప్షన్ కుర్రాడి సొంత ఫోనుకు వాట్సాప్ చేయమనడం. ఆ కుర్రాడు మూడు నెలలకు మానేస్తాడు, ఫోటో వాడితోనే పోతుంది. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ జిరాక్సు తీసుకోండి. ఇచ్చేవాళ్ళు దాని మీద అడ్డంగా లాడ్జి పేరు, తేదీ రాసివ్వండి.

టైలర్ల సంగతి చిన్నదే గానీ యాత్ర ముందు నెలలో పెద్దదవుతుంది. ఆడవేషానికి జాకెట్టు కావాలంటే లేడీస్ టైలరు కొలతలు తీయడానికి మొహమాటపడతాడు, ‘ఆది జాకెట్టు తెచ్చుకో’ అంటాడు. అక్కదో చెల్లెలిదో తెస్తే భుజం దగ్గర బిగుసుకుని, చెయ్యి ఎత్తగానే చంక కుట్టు పిగిలిపోతుంది. ఎదకొలత సరిపోయినా మగ భుజం వెడల్పు కదా. బాగా సరిపోయే చొక్కా ఒకటి కూడా ఇచ్చి, భుజం, చంక దానివి, పొడవు, మెడ జాకెట్టువి తీసుకోమనండి. లోపల అంగుళం గుడ్డ వదలమనండి.

ఇప్పుడు డేటింగ్ యాప్‌లు. మహానగరంలో ‘300 మీటర్ల దూరం’ అంటే వెయ్యి మంది ఉంటారు. మన పెద్దబజారు సందుల్లో 300 మీటర్లంటే ఏ ఇంటి అబ్బాయో తెలిసిపోతుంది. గే మగవాళ్ళు వాడే గ్రైండర్ యాప్ సెట్టింగుల్లో దూరం చూపించడం ఆపేయవచ్చు, మొదట చేయవలసిన పని అదే. మోసం నడిచే తీరు దాదాపు ఒకటే. ఎవరిదో అందమైన ఫోటో, రెండు రోజుల తీపి కబుర్లు, బస్టాండు దగ్గర కలుద్దామనడం, తీరా వచ్చాక తన బండి ఎక్కించుకుని ఊరి బయట గదికో, గోపాల్‌పూర్ వైపు తోటల్లోకో తీసుకుపోవడం. అక్కడ ముగ్గురు కాచుకుని ఉంటారు. వీడియో తీస్తారు, ఫోను లాక్కుని యూపీఐ పిన్ చెప్పమంటారు, ‘377 కేసు పెడతాం’ అంటారు. ఆ సెక్షనే లేదని పైన చెప్పాం.

అందుకని, ఫోటో పంపితే చాలదు, ముందు వీడియో కాల్ చేయమనండి. చేయనన్నవాడితో పని లేదు. మొదటిసారి జనం తిరిగే టిఫిన్ హోటల్లోనే కలవండి. వాళ్ళ బండి ఎక్కకండి. లైవ్ లొకేషన్ ఒక స్నేహితుడికి పంపి, ఫలానా టైముకు ఫోను చేయమని చెప్పండి. యూపీఐకి జీతం పడే ఖాతా కాకుండా రెండు మూడు వేలుండే ఇంకో ఖాతా కలిపి ఉంచండి.

అయినా జరిగితే, ప్రాణం దక్కించుకోవడానికి మొదటిసారి పోయింది పోయిందనుకోండి, రెండోసారి మాత్రం పైసా పంపకండి. ఇచ్చినకొద్దీ అడుగుతారే గానీ వీడియో చెరిపేసినవాడు లేడు. వెంటనే బ్యాంకుకూ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కూ ఫోను చేయండి. యూపీఐ లావాదేవీకి 12 అంకెల నంబరు ఉంటుంది, వాళ్ళు అడిగేది అదే. గంటలు గడిచేకొద్దీ డబ్బును నాలుగైదు ఖాతాలు మార్చి ఎత్తుకుపోతారు. చాట్ చెరపకండి, ప్రొఫైలుతో సహా స్క్రీన్‌షాట్లు తీయండి. ఆ తర్వాత బ్లాక్ చేయండి. వీడియో బయట పెడతారనే భయముంటే స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది. ఫోటో మీ ఫోను దాటి పోదు, దాని గుర్తు సంఖ్య మాత్రం ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి వాటికి వెళుతుంది. అయితే ఆ చిత్రం మీ దగ్గర కూడా ఉండాలి, ఆ సేవలో చేరిన సంస్థల్లోనే పనిచేస్తుంది.

సరిహద్దు ఊళ్ళవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. ఇచ్ఛాపురం కుర్రాడికి గోపాల్‌పూర్‌లో జరిగితే ఇచ్ఛాపురం స్టేషన్లో ‘అది ఒడిశా కేసు’ అంటారు, ఇక్కడ ‘నువ్వు ఆంధ్రావాడివి’ అంటారు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. అదే జీరో ఎఫ్‌ఐఆర్. దాని నకలు డబ్బు లేకుండా ఇవ్వాలి. ఒడియాలో రాస్తే చదివించుకుని సంతకం పెట్టండి. సెక్షన్ల మాటకొస్తే, బెదిరించి డబ్బు గుంజడానికి న్యాయ సంహిత 308, ఏడేళ్ళ దాకా శిక్ష. చాటుగా నగ్న వీడియో తీయడానికి సంహితలో ఉన్న 77 ఆడవాళ్ళు బాధితులైతేనే వర్తిస్తుంది. స్టేషన్ రైటరు అక్కడే ఆగిపోయి ‘మగాడికి సెక్షన్ లేదు’ అంటాడు. ఐటీ చట్టం 66ఇ అడగండి, అందులో ఆడా మగా తేడా లేదు. 377 పూర్తిగా పోవడంతో ఒక నష్టం కూడా జరిగింది. మగవాడి మీద బలాత్కారం జరిగితే దానికంటూ వేరే సెక్షన్ మిగలలేదు, దెబ్బలు, నిర్బంధం, దోపిడీ కిందే రాయించుకోవాలి.

ఆరోగ్యం గురించి రెండే ముక్కలు. కండోమ్ చిరిగినా, బలవంతం జరిగినా 72 గంటల్లోపు పెప్ (హెచ్‌ఐవీ సోకకుండా ఆపే) మందులు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది, 28 రోజులు వాడాలి. హెచ్‌ఐవీ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, సందేహాలకు హెల్ప్‌లైన్ 1097. ఫలితాన్ని ఆసుపత్రివాళ్ళు బయట చెప్పడం 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం తప్పు.

కలిసి కొట్టు నడుపుకునే జంటలకు ఒక మాట. 2023 అక్టోబరు 17 సుప్రీంకోర్టు తీర్పులో పెళ్ళి హక్కు రాలేదు గానీ, జాయింటు ఖాతా తెరిచి ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. బ్యాంకు గుమాస్తా ‘రిలేషన్’ గడి దగ్గర నసిగితే ఆ తేదీ చెప్పండి. నామినీ అంటే వారసుడు కాదని గుర్తుంచుకోండి. అన్నదమ్ములు వచ్చి కొట్టుకు తాళం వేయకూడదనుకుంటే విల్లు రాసి ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కొట్టు అద్దె కాగితం ఇద్దరి పేర్ల మీదా ఉండాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ‘స్వలింగ సంపర్కులు’ అన్న మాటలో పక్క తప్ప మనిషి కనిపించడు, ‘గే యువకులు’ అంటే పాఠకులకు అర్థమవుతుంది. అంతకన్నా ముఖ్యం, ఇలాంటి కేసు వార్త వేసేటప్పుడు ‘పేరు వెల్లడించలేదు’ అంటూనే ఫలానా వీధి, ఫలానా సరుకుల కొట్టు యజమాని కొడుకు, వయసు 24 అని రాస్తున్నారు. మన ఊళ్ళో ఆ మూడూ కలిపితే పేరు వేసినట్టే. వయసొక్కటి ఉంచి వీధి, కొట్టు తీసేయమని మీ విలేకరులకు చెప్పండి.

ఇట్లు,
బరంపురం పాఠకులు కొందరు