గేమింగ్ మానిటర్లను దుకాణంలో ఆడించి చూపించాకే అమ్మాలి

సంపాదకులకు నమస్కారం.

ఏ పండగొచ్చినా పేపర్లలో ఎలక్ట్రానిక్స్ ప్రకటనల నిండా ఇప్పుడు టీవీలు, ఫ్రిజ్‌ల పక్కనే గేమింగ్ మానిటర్లు కూడా కనబడుతున్నాయి. 'కర్వ్‌డ్, 180 హెర్ట్జ్, 1 ఎంఎస్' అని పెద్ద అక్షరాలు, కింద ధర. కర్వ్‌డ్ అంటే వంపు తెర, హెర్ట్జ్ అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందన్న లెక్క, ఎంఎస్ అంటే తెర చుక్క రంగు మారడానికి పడుతుందని చెప్పే మిల్లీసెకను. నేను కంప్యూటర్లు బిగించే పని చేస్తాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్ల మీద సీఆర్‌టీ (పాతకాలపు బరువైన గాజు తెర) మానిటర్లు భుజాన మోసిన రోజుల నుంచి ఇదే నా బతుకుదెరువు. ఆ అనుభవంతో ఒక్క మాట అడగడానికే ఈ ఉత్తరం. ఈ తెరలను అమ్మే దుకాణాలు వాటిని నిజమైన కంప్యూటర్‌కు తగిలించి, కొనేవాళ్ల చేత ఓ పది నిమిషాలు ఆడించి, ఆ తర్వాతే బిల్లు రాయాలి.

ఇప్పుడు జరుగుతున్నది వేరు. షోరూంలో గోడ పొడుగునా తెరలు వరసగా పెడతారు. చాలాచోట్ల ఒకే పెట్టె నుంచి అన్నింటికీ ఒకే వీడియో పంచుతారు. జలపాతం, రంగుల చిలకలు, పరుగెత్తే కారు. ఆ వీడియో సెకనుకు 30 బొమ్మలో 60 బొమ్మలో ఉంటుంది. 60 హెర్ట్జ్ ఆఫీసు మానిటర్ మీదా, 180 హెర్ట్జ్ గేమింగ్ మానిటర్ మీదా అది ఒక్కలాగే కదులుతుంది. ఏ గుణం కోసం కొనేవాడు అదనంగా డబ్బు పెడుతున్నాడో ఆ గుణం మాత్రం అక్కడ కనబడదు. కనబడేవి వంపు, వెనకాల వెలిగే రంగు లైట్లు. పిల్లలు వాటినే చూసి మురిసిపోతారు. పెద్దవాళ్లు ధర చూస్తారు.

ఈ మధ్య ఉప్పల్ నుంచి ఆర్టీసీలో పనిచేసే ఒకాయన కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. కుర్రాడు ఇంజినీరింగ్ మొదటి ఏడాది. ఒక పెద్ద దుకాణంలో 27 అంగుళాల వంపు తెర కొన్నారు. "అన్నా, పాత దానికి, దీనికి ఏం ఫరక్ కొడ్తలేదు. ఫోన్ చేస్తే షాపాయన మంచిగనే ఉందంటడు" అన్నాడు తండ్రి. వాళ్లింటికి వెళ్లి టేబుల్ ముందుకు జరిపి కేబినెట్ వెనక్కి చూశాను. ఆట బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు సాకెట్లు కింద ఖాళీగా ఉన్నాయి. కేబుల్ పైన మదర్‌బోర్డు సాకెట్‌లో ఉంది. అంటే వేలు పోసి కొన్న కార్డు పని చేయడం లేదు, ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్సే ఆటను లాగుతోంది. విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, ఆ లోపల అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిస్తే 60 హెర్ట్జ్ అని ఉంది. ఇంకా ఒకటి. డబ్బాలో ఇచ్చింది హెచ్‌డీఎంఐ కేబుల్. ఆ మానిటర్ హెచ్‌డీఎంఐ మీద 144 దాకానే వెళ్తుంది. డబ్బా మీద గొప్పగా వేసిన 165 రావాలంటే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ కావాలి. ఆ సంగతి మాన్యువల్ చివర చిన్న పట్టికలో ఉంది.

డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ తెచ్చి, కార్డుకు తగిలించి, 165కి మార్చి, మౌస్‌ను గుండ్రంగా తిప్పమన్నాను. 60 దగ్గర బాణం గుర్తు ఎడంఎడంగా తెగిన ముక్కల్లా కనబడేది. ఇప్పుడు దగ్గరదగ్గరగా, ఒకే గీతలా సాగింది. కుర్రాడి మొహం వెలిగింది. "నాయినా, గిటు సూడు" అని పిలిచాడు. తండ్రి వంగి చూసి, "అవు, ఇప్పుడు తెలుస్తుంది" అని, వెంటనే "మరి గిదంతా కొన్నకాడనే ఎందుకు చెప్పలే?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నే ఈ ఉత్తరం రాయిస్తోంది.

ఆ కుటుంబానికి తెలిసినవాడు ఒకడు దొరికాడు కాబట్టి సరిపోయింది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో, కూకట్‌పల్లి అద్దె గదుల్లో ఎంతమంది పిల్లలు 165 కొని 60లోనే ఆడుకుంటున్నారో అనుకుంటే మనసు కలుక్కుమంటుంది. సీఆర్‌టీ రోజుల్లో మాకిది చేతి అలవాటు. 60 దగ్గర వదిలేస్తే గాజు తెర మిణుకుమిణుకుమని కళ్లు లాగేవి. అందుకే సిస్టం బిగించగానే 75కో 85కో మార్చి ఇచ్చేవాళ్లం. ఎల్‌సీడీలు వచ్చాక మిణుకు పోయింది, దాంతోపాటు ఆ అలవాటూ పోయింది. ఇప్పుడు మళ్లీ దాని అవసరం వచ్చింది.

హెర్ట్జ్ అంకెల వెనక ఉన్నది చిన్న లెక్కే. 60 హెర్ట్జ్ అంటే ఒక్కో బొమ్మ తెర మీద 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 144 అయితే 6.9. అంటే దాదాపు 10 మిల్లీసెకన్లు తగ్గింది. ఈ తేడా ఎవరి కంటికైనా ఆనుతుంది. 144 నుంచి 240కి వెళ్తే 4.2, అంటే మూడు కూడా తగ్గలేదు. 165కీ 180కీ మధ్య తేడా అర మిల్లీసెకను. ఆ అర కోసం వేలు ఎక్కువ పెట్టకండని నేను అందరికీ చెబుతాను. పెద్ద పోటీలకు సాధన చేసేవాళ్ల సంగతి వేరు, వాళ్లకు 240 కావాలంటే న్యాయమే. మిగతావాళ్లు ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డుకు పెట్టుకుంటే మేలు. కార్డు సెకనుకు 70 ఫ్రేములే (బొమ్మలే) ఇస్తుంటే తెర 180 అయినా ప్రయోజనం ఏముంది? కౌంటర్ స్ట్రైక్, వాలొరెంట్ లాంటి కాల్పుల ఆటలు మధ్యరకం కార్డు మీద కూడా ధారాళంగా పరుగెడతాయి. పెద్ద పెద్ద ఊళ్లు, అడవులు చూపించే భారీ ఆటలు అలా కాదు. 27 అంగుళాల తెరకు 1080పీ (నిలువునా 1080 చుక్కలు) చాలదు, రెండడుగుల దూరంలో అక్షరాల అంచులు రంపపు పళ్లలా కనబడతాయి, 1440పీ తీసుకోవాలి. కానీ 1440పీలో 1080పీ కన్నా చుక్కలు ముప్పాతిక వంతుకు పైగా ఎక్కువ. ఆ బరువంతా కార్డు మీదే పడుతుంది. తెర పేరు చెప్పే ముందు 'బాబూ, నీ దగ్గర ఏ కార్డు ఉంది?' అని అడిగే సేల్స్‌మన్ ఉన్న దుకాణంలోనే కొనండి.

ఫ్రేములు పడుతూ లేస్తూ ఉన్నప్పుడు బొమ్మ చీలినట్టు కనబడకుండా తెరా కార్డూ ఒకే తాళంలో నడిచే ఏర్పాటే అడాప్టివ్ సింక్. గ్రాఫిక్స్ కార్డుల కంపెనీల్లో ఏఎండీవాళ్లది ఫ్రీసింక్. ఎన్‌విడియా తన జీ-సింక్ కోసం మొదట్లో మానిటర్‌లో ప్రత్యేకమైన బోర్డు పెట్టించేది, ధర బాగా పెరిగేది. 2019 జనవరి నుంచి ఎన్‌విడియా కార్డులు కూడా మామూలు అడాప్టివ్ సింక్ మానిటర్లతో పనిచేస్తున్నాయి. అందుకని 'జీ-సింక్ లేకపోతే ఎన్‌విడియా కార్డుకు పనికిరాదు' అని ఎవరైనా చెబితే నమ్మి ఎక్కువ పెట్టనక్కర్లేదు.

ఇక వంపు. 1000ఆర్, 1500ఆర్, 1800ఆర్ అని రాస్తారు. ఆ వంపును అలాగే పొడిగించి వృత్తం గీస్తే దాని వ్యాసార్ధం అన్ని మిల్లీమీటర్లు. అంకె తగ్గేకొద్దీ వంపు ఎక్కువ. దుకాణంలో చాలామందికి ఇది తలకిందులుగా అర్థమవుతుంది, 1800 అంటే ఎక్కువ వంపని తీసుకుంటారు. 27 అంగుళాల 1500ఆర్ తెర ముందు అడ్డంగా పొడుగాటి స్కేలు ఆనించి చూస్తే మధ్యలో లోతు సుమారు 3 సెంటీమీటర్లు, అంతే. 24 అంగుళాల చదును తెర ముందు రెండడుగుల దూరంలో కూర్చుంటే, మధ్య కన్నా అంచులు మన కంటికి ఐదారు సెంటీమీటర్లే ఎక్కువ దూరం. అక్కడ వంపు వల్ల ఒరిగేది పెద్దగా లేదు. మరీ వెడల్పుగా ఉండే 34 అంగుళాల అల్ట్రావైడ్ తెర అయితే ఆ తేడా 12 సెంటీమీటర్ల దాకా పోతుంది. తల తిప్పకుండా అంచుల్ని చూడాలంటే అక్కడ వంపు నిజంగా అవసరం. నా మాట ఇదీ: 24కు వంపు వద్దు, 27కు ఇష్టమైతే తీసుకోండి, 34కు తప్పక తీసుకోండి.

ఇంకో సంగతి ఇళ్లు చూసినవాడిగా చెబుతాను. వంపు తెర ఎదురుగా కూర్చున్న ఒక్కరి కోసం చేసింది. మన సింగిల్ బెడ్‌రూం ఇళ్లల్లో పగలు పిల్లాడు ఆడుకునే తెర మీదే రాత్రి ఐపీఎల్ పెట్టుకుని మంచం మీద ఒకరు, కింద ఇద్దరు, గుమ్మంలో ఒకరు చూస్తారు. పక్కనుంచి చూసేవాళ్లకు వంపు తెరలో దగ్గరి అంచు అడ్డొస్తుంది, రంగులూ పాలిపోతాయి. అలాంటి ఇంటికి, పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారని ఐపీఎస్ రకం చదును తెరే నయం. సివిల్ చదివే పిల్లలు ఆటోక్యాడ్ గీతలు గీసుకోవడానికి కూడా అదే మంచిది.

రంగులు పాలిపోవడం ఎందుకంటే, వంపు తెరల్లో ఎక్కువభాగం వీఏ అనే రకం ప్యానెళ్లు. వీటి నలుపు చిక్కగా ఉంటుంది. ఐపీఎస్‌లో వెలుగు నలుపుల నిష్పత్తి మామూలుగా 1000కి 1 అయితే వీఏలో 3000కి 1 చుట్టుపక్కల. రాత్రి గదిలో లైటు తీసి ఆడుకునేవాళ్లకు ఆ అందమే వేరు. కానీ చవక వీఏలో నలుపు నుంచి బూడిదరంగుకు మారడం నెమ్మది. చీకటి సన్నివేశంలో మనిషి పరుగెడితే వెనకాల నల్లటి మసక తోకలా ఈడ్చుకొస్తుంది. అది పగటి జలపాతం వీడియోలో ఎన్నటికీ కనబడదు. ఆట ఆడించి చూపించమని నేను పట్టుబట్టడానికి ఇదే అన్నిటికన్నా పెద్ద కారణం. '1 ఎంఎస్' అన్న అంకెకు కూడా చాలాసార్లు చిన్న అక్షరాల్లో ఎంపీఆర్‌టీ అని తోక ఉంటుంది. వెనక లైటును క్షణక్షణానికీ ఆర్పి వెలిగిస్తే వచ్చే లెక్క అది. దాన్ని ఆన్ చేస్తే వెలుగు తగ్గుతుంది, చాలా మానిటర్లలో అడాప్టివ్ సింక్ ఆగిపోతుంది. చుక్కలు రంగు మారే వేగాన్ని పెంచే ఓవర్‌డ్రైవ్ సెట్టింగ్‌ను చివరిదాకా పెంచితే నల్ల తోక పోయి తెల్ల తోక వస్తుంది. వెలుగునీడల తేడా ఎక్కువ చూపిస్తామని చెప్పే హెచ్‌డీఆర్ 400 ముద్ర చూసి మాత్రం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి.

'ఆటల పిచ్చికి ఇంత చర్చా?' అనే పెద్దలున్నారు. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ఈ-స్పోర్ట్స్‌ను (వీడియో గేమ్ పోటీలను) క్రీడల్లో భాగంగా గుర్తించింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పతకాలిచ్చారు. 2025లో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా నిలబెట్టింది. సరే, ఆ గుర్తింపులు ఏవీ లేకపోయినా ఒక తండ్రి జీతంలోంచి తీసి ఇచ్చిన సొమ్ముకు సరైన వస్తువు దక్కాలి కదా!

చట్టం మన పక్షానే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వస్తువు గుణాల గురించి తప్పుదోవ పట్టించే ప్రకటన నేరం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వచ్చు. పన్ను విషయంలోనూ మోసపోకండి. 32 అంగుళాలు దాటిన మానిటర్లపై 28 శాతం ఉన్న జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి దిగింది. 34 అంగుళాల తెరకు ఇంకా పాత పన్ను చెబితే బిల్లు చూపించమనండి. కానీ ఒక కేబుల్ గురించి, ఒక సెట్టింగ్ గురించి ఎవరు వినియోగదారుల కమిషన్ దాకా వెళ్తారు? కౌంటర్ దగ్గరే తేలిపోవాల్సిన సంగతి ఇది.

అందుకే నగరంలోని డీలర్లను కోరుతున్నాను. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ ఒక్కటి కౌంటర్ పక్కన పెట్టండి. కొనేవాళ్లు ఎంచుకున్న మోడల్‌ను దానికి తగిలించి ముందు 60లో, తర్వాత పూర్తి వేగంలో చూపించండి. చీకటి సన్నివేశం ఒకటి నడపండి. తెల్లటి, నల్లటి బొమ్మలు వేసి చచ్చిన చుక్కలు ఉన్నాయేమో అక్కడే చూడనివ్వండి. 'సీల్ తీస్తే కొనాల్సిందే' అని బెదిరించకండి, ఒకటి రెండు చుక్కలుంటే తెర మార్చబోమని చెప్పే కంపెనీలు ఉన్నాయని మీకూ తెలుసు. బిల్లు మీద మోడల్ నంబరు పక్కన హెచ్‌డీఎంఐ మీద ఎంత, డిస్‌ప్లేపోర్ట్ మీద ఎంత అని రెండు అంకెలు రాయండి. మీ పత్రిక కూడా ఇలాంటి ప్రకటన తీసుకునేటప్పుడు ఆ రెండు అంకెలూ వేయమని దుకాణాలను అడగాలని నా మనవి.

ఖర్చని ఏ డీలరైనా వెనకాడితే, డెమో కంప్యూటర్ బిగించే పని నేను ఉచితంగా చేసిపెడతాను. సామాన్లు వాళ్లవి, చేతిపని నాది. ఆదివారం సీటీసీకి సెలవు కాబట్టి ఆ రోజైతే మరీ సౌకర్యం.

ఇట్లు,
కంప్యూటర్లు బిగించే ఒక పాఠకుడు,
తార్నాక, హైదరాబాద్