ఫుట్‌పాత్ ఖాళీ చేయించే ముందు ఎవరిని అడిగారు?

సంపాదకులకు,

బస్టాండు రోడ్డులో తోపుడు బండ్లను తొలగించారని గత వారం మీ జిల్లా పేజీలో చదివాను. అధికారుల సంతృప్తి గురించి రాశారు గాని, ఎవరిని అడిగి తొలగించారో రాయలేదు.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణంలో కమిషనర్ అధ్యక్షతన టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులు తమలోంచి ఎన్నుకున్నవారే కావాలి, వారిలో మూడో వంతు మహిళలుండాలి, కాలనీ సంఘాలకూ చోటివ్వాలి. సర్వే పూర్తిచేసి అందరికీ ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ కదిలించరాదు. ఆ తర్వాతైనా 30 రోజుల నోటీసు తప్పదు. మా మునిసిపాలిటీ చేసిందల్లా సూచనలు, అభ్యంతరాలు కోరే కాగితాన్ని మేడమీది నోటీసు బోర్డులో టెండరు ప్రకటనల మధ్య అంటించి, పనిదినాన ఉదయం 11 గంటలకు సమావేశం పెట్టి, ఎవరూ రాలేదు గనుక ఎవరికీ అభ్యంతరం లేదని రాసుకోవడం. బండి వదిలి వ్యాపారి, ఉద్యోగం వదిలి కాలనీవాసి ఆ వేళకు ఎలా వస్తారనుకున్నారో!

నేను వ్యాపారుల తరఫు వకాల్తా పుచ్చుకోలేదు. మోకాళ్ల నొప్పులతో రోడ్డు మీద వాహనాల మధ్య నడవలేక ఫుట్‌పాత్ కావాలని అర్జీలు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. అయితే బండ్లు పోయిన చోట బట్టల షోరూం వారి ఇనుప ర్యాంపు, జనరేటరు, నాయకుల జన్మదిన ఫ్లెక్సీల కర్రలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వీరి కంటికి ఆక్రమణ అంటే చక్రాలున్నదేనేమో.

ఆ ఉదయం ఆశీలు గుత్తేదారు మనిషి ప్రతి బండి దగ్గరా డబ్బు తీసుకుని రసీదు చింపి ఇచ్చాడు. సాయంత్రం మునిసిపల్ లారీ వచ్చి అవే బండ్లను ఎత్తుకుపోయింది. పూలమ్మే ఆమె గంప కూడా లారీ ఎక్కింది. పాడైపోయే సరుకును అడిగిన రోజే తిరిగివ్వాలని చట్టంలో ఉన్నా, మర్నాడు రమ్మన్నారట. మర్నాటి మల్లెపూలు ఎవరు కొంటారు?

కమిటీ సభ్యుల పేర్లు, సర్వే జాబితా వార్డు కార్యాలయాల్లో పెట్టి, ఆదివారం సాయంత్రం వార్డుల్లోనే సభ జరిపితే చెప్పవలసింది మేమూ చెబుతాం, వ్యాపారులూ చెబుతారు. ఈలోగా ఆ బండ్లను తిరిగి నిలబడనిస్తారా లేదా కమిషనర్ గారు ప్రకటించాలి. నిలబడనివ్వబోమంటే, ఆ ఉదయం ఆశీలు దేనికి వసూలు చేశారో చెప్పాలి.

- ఒక పాఠకుడు, బస్టాండు రోడ్డు