వకుళ గురించి, ద్రౌపది ప్రశ్న గురించి

చిన్నా,

భారతం మీద నువ్వు రాస్తున్న కథలో, వకుళ అనే కొత్త పాత్రని తెచ్చి పంపిన 40 పేజీలు ఫోన్‌లో చదవలేక వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని రాత్రి ఏకబిగిన చదివేశాను. ఫోన్ చేస్తే సగం మర్చిపోతానని రాస్తున్నాను.

ముందు మీ పెదనాన్న మాట. భారతంలో లేని మనిషిని తెచ్చిపెట్టడానికి వీడెవడు అన్నారని బాధపడి రాయడమే మానేస్తానన్నావు చూడు, అది వద్దు. ఆయనకి భారతం అంటే ప్రాణం, అందుకే అన్నారు. కానీ ఆయన ఎన్నిసార్లు చూసినా కళ్ళు తుడుచుకునే మాయాబజార్‌లో శశిరేఖ ఉంది కదా, ఆ పిల్ల వ్యాసుడి భారతంలో ఎక్కడా లేదు, మన కవిత్రయం రాసినదాంట్లోనూ లేదు. అక్కడ అభిమన్యుడి భార్య ఉత్తర. శశిరేఖ జనం చెప్పుకున్న కథల్లోంచి వచ్చింది, వేరే ప్రాంతాల్లో ఆమెనే వత్సల అంటారు, మన దగ్గర సురభి వాళ్ళ నాటకాల్లో ఊరూరా తిరిగి 1957లో సినిమాకెక్కింది. ఇప్పుడు ఆమె లేని భారతాన్ని మన ఇళ్ళల్లో ఎవరూ ఊహించుకోలేరు. మీ అమ్మమ్మ దంపుడు పాటలతో పాటు ఊర్మిళాదేవి నిద్ర పాడేది, గుర్తుందా? ఊర్మిళ పేరు వాల్మీకి రాశాడు, ఆ పద్నాలుగేళ్ళ నిద్ర మాత్రం మన ఆడవాళ్ళు పాటలో కట్టుకున్నదే. వారధి కట్టేటప్పుడు ఉడత చేసిన సాయం వాల్మీకిలో లేదు, రంగనాథ రామాయణంలో ఉంది. కాబట్టి కొత్తవాళ్ళని తేవడం నీతో మొదలైన పని కాదు.

మరి అలా తెచ్చినవాళ్ళల్లో కొందరే ఎందుకు నిలబడ్డారు అంటే, నాకు అర్థమైనంతలో చెప్తాను. మా చిన్నప్పుడు, 1988లో, ఆదివారం పొద్దున్నే దూరదర్శన్‌లో మహాభారతం మొదలైతే వీధంతా నిశ్శబ్దమైపోయేది. అందులో కథ చెప్పేది కాలం. అసలు భారతంలో చెప్పేవాళ్ళు వైశంపాయనుడు, సౌతి. కాలం ఒక మనిషిలాగా మాట్లాడటం ఆ సీరియల్ వాళ్ళు పెట్టుకున్నది. కానీ అది ఎవరి చోటూ లాక్కోలేదు, ఎవరి మాటా మార్చలేదు, అంత పెద్ద కథని మా ఇంటి గదిలోకి తెచ్చి కూర్చోబెట్టింది. కర్ణుడి భార్య సంగతీ అంతే. వ్యాసుడు ఆమెని దాదాపు పట్టించుకోలేదు, అందుకే 2013లో వచ్చిన ఒక ఇంగ్లీషు నవలలో ఉరువి అనే రాజకుమారి ఆ చోటులోకి రాగలిగింది. అక్కడ నిజంగానే ఖాళీ ఉంది కాబట్టి.

ఇంకా పెద్ద ఖాళీ ఒకటి చెప్పనా? లక్క ఇల్లు. ఆ రాత్రి భోజనానికి వచ్చిన ఒక నిషాద స్త్రీ, ఆమె అయిదుగురు కొడుకులు తిని తాగి అక్కడే నిద్రపోయారు, పాండవులు సొరంగంలోంచి వెళ్ళిపోయారు, వీళ్ళు కాలిపోయారు. తెల్లారి ఆ ఆరు శవాలు చూసి జనం కుంతీ పాండవులే పోయారని ఏడ్చారు. ఆమెకి పేరు కూడా లేదు. ఆ పేజీ చదివిన ప్రతిసారీ నాకు కడుపులో తిప్పేస్తుంది. బెంగాలీలో మహాశ్వేతాదేవి దీనిమీదే కథ రాశారు, చివరి రోజుల్లో అడవిలో ఉన్న కుంతికి ఆ చనిపోయినవాళ్ళ మనిషి ఒకామె ఎదురవుతుంది. అదీ కొత్త పాత్రే. కానీ ఆమె లేకపోతే ఆ ఆరుగురి గురించి కుంతిని అడిగేవాళ్ళు ఎవరు?

ఇప్పుడు నీ వకుళ. ద్రౌపది దగ్గర పనిచేసే పిల్లగా బాగుంది, ఆమె జడ వేసే సీను, ఇంద్రప్రస్థం వదిలి వెళ్ళేటప్పుడు ఆమె తులసికోట దగ్గర ఆగిపోయే సీను రెండుసార్లు చదివాను. కానీ 31వ పేజీలో ఒక పని చేశావు, దాన్ని నేను ఒప్పుకోను. ధర్మరాజు ముందు తననే ఓడిపోయాడా, నన్ను ఓడిపోయాడా అన్న ప్రశ్నని వకుళ చెవిలో చెప్తే ద్రౌపది అడిగినట్టు రాశావు. అది ద్రౌపది ప్రశ్న, నాన్నా. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మం అని తడబడ్డది ఆ ప్రశ్న దగ్గరే. ఒంటరిగా, ఒంటిమీద ఒకే బట్టతో ఉన్నప్పుడు ఆమెకి తోచిన ఆలోచన అది. పనిపిల్లకి గొప్పతనం ఇద్దామన్న నీ మనసు నాకు తెలుసు, కానీ ఒక ఆడదాని దగ్గర తీసి ఇంకొక ఆడదానికి ఇవ్వక్కర్లేదు.

ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానంటే, ద్రౌపదికి ఇలా ఒకసారి జరిగిపోయింది. మయసభలో దుర్యోధనుడు నీళ్ళలో పడితే గుడ్డివాడి కొడుకు గుడ్డివాడే అని ఆమె అందంటారు కదా, వ్యాసుడి సభాపర్వంలో ఆ మాట లేదు. అక్కడ నవ్వింది భీముడు, అర్జునుడు, కవలలు, పనివాళ్ళు. తర్వాత తండ్రి దగ్గర చెప్పుకునేటప్పుడు దుర్యోధనుడు ద్రౌపది కూడా నవ్విందంటాడు, అంతే. ఎవరో కలిపిన ఒక్క వాక్యం వల్ల నోరు జారింది కాబట్టి అనుభవించింది అని ఇప్పటికీ పెళ్ళిళ్ళల్లో కూర్చుని అనేవాళ్ళని నేను చూశాను. విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

వకుళని తీసెయ్యమనడం లేదు. ఆమెని గుమ్మం దగ్గర నిలబెట్టు. ద్రౌపదిని తీసుకురమ్మని మొదట పంపింది దుశ్శాసనుడిని కాదు, ప్రాతికామి అనే సూతుడిని. అతను రెండుసార్లు వచ్చి ఆమె మాటలు మోసుకుని సభకి వెళ్ళాడు, మూడోసారి దుర్యోధనుడు ఆమెని తెమ్మంటే భయపడి, ఆమెకి ఏం చెప్పమంటారని సభలోవాళ్ళని అడిగాడు. ఆ రెండుసార్లూ ఆ గుమ్మం దాటేటప్పుడు అతనికి వకుళ ఎదురుపడి ఉంటుంది కదా. అతనూ పనివాడే, ఈమే పనిమనిషే. ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో వ్యాసుడు రాయలేదు. అది రాసి పంపు, మళ్ళీ ప్రింటు తీయించుకుంటాను.

అమ్మ