టీయూ-142ను నడిపిన దళం

సంపాదకులకు,

విశాఖ సాగరతీరంలోని టీయూ-142 విమానం ముందు ఫొటో దిగనివారు అరుదు. దాన్ని నడిపిన నౌకాదళ 312వ స్క్వాడ్రన్ గురించి తెలిసినవారు అంతకన్నా అరుదు. 1976లో గోవాలో ఆ దళం మొదలైంది. అప్పటి విమానాలు వాయుసేన నుంచి వచ్చిన సూపర్ కాన్‌స్టలేషన్లు. 1988లో సోవియట్ యూనియన్ నుంచి ఎనిమిది టీయూలు చేరాయి. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి వ్యతిరేక దిశల్లో తిరిగే జంట ప్రొపెల్లర్లు. ఇక హోరు సంగతి చెప్పాలా! సముద్రంపై గంటల తరబడి ఎగురుతూ జలాంతర్గాముల జాడ పట్టడం వాటి పని. 1992లో దళం తమిళనాడులోని అరక్కోణానికి మారింది. 2017 మార్చిలో టీయూలు విరమించగా, పీ-8ఐ అనే నిఘా విమానాలు ఆ బాధ్యత మోస్తున్నాయి. విహారయాత్రకు పిల్లలను తీసుకొచ్చే ఉపాధ్యాయులు విమానంతోపాటు ఈ దళం కథ కూడా చెప్పాలని నా మనవి.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం