పాత ‘మిషన్: ఇంపాజిబుల్’ను ఫోన్ పక్కన పెట్టి చూడండి

సంపాదకులకు నమస్కారం.

‘మిషన్: ఇంపాజిబుల్’ అనగానే మనవాళ్లకు టామ్ క్రూజ్ సాహసాలే గుర్తొస్తాయి. ఆ సినిమాలకు మూలం 1966 సెప్టెంబరులో అమెరికాలో సీబీఎస్ ఛానల్ మొదలుపెట్టిన సీరియల్. బ్రూస్ గెల్లర్ సృష్టించిన ఈ సీరియల్ 1973 దాకా, 171 ఎపిసోడ్లు నడిచింది. దూకుళ్లు తక్కువ, పనితనం ఎక్కువ.

ఇందులో పథకం మనకు పూర్తిగా చెప్పరు. టేపులో అప్పగించిన పని వింటాం. తర్వాత రహస్య ఏజెంట్ల జట్టంతా ఒక గదిలో చేరి సామాను సరిచూసుకుంటుంది. ఏది దేనికో సగం మాటల్లోనే తేలుస్తారు. ఆ సగం గుర్తుపెట్టుకుంటేనే అరగంట తర్వాత ‘ఓహో, అందుకా!’ అనిపిస్తుంది. గ్రెగ్ మోరిస్ వేసిన బార్నీ గోడకు కన్నం వేస్తున్నాడంటే చాలాసేపు మాటే ఉండదు. చేతులు, వైర్లు, వెనక సంగీతం, అంతే. సరిగ్గా అప్పుడే కాపలావాడు వేళకాని వేళ వస్తాడు. 1966లో ఒక నల్లజాతి ఇంజనీరును జట్టుకు మెదడుగా చూపడం చిన్న విషయం కాదు.

మొదటి సీజన్‌లోని ‘ద ట్రెయిన్’ చూడండి. ప్రధాని వారసుడిగా ఎంచుకున్న మనిషి నియంత కాబోతున్నాడని ఆ ప్రధానికే రుజువు చేయాలి. రైలుపెట్టె ఒక షెడ్డులోనే ఉంటుంది. కిటికీల బయట తెరల మీద పొలాలు పరుగెడతాయి, పెట్టెను ఊపుతారు, చక్రాల చప్పుడు వినిపిస్తారు. చివరికి ప్రమాదం కూడా కల్పితమే. ప్రధాని పోయాడనుకోగానే వారసుడి ముసుగు జారిపోతుంది.

సీరియల్ మొదట్లో వచ్చే లాలో షిఫ్రిన్ బాణీ మన చెవికి పరాయిది కాదు. తకిట తకిట తక తక అని చేత్తో వేసి చూడండి, పది అక్షరాలకు, అంటే ఐదేసి అక్షరాల రెండు ఖండాలకు, సరిపోతుంది.

చూసేవారికి రెండు జాగ్రత్తలు. టీవీలో పిక్చర్ సైజు 4:3 పెట్టండి. వెడల్పుకు సాగదీస్తే ముఖాలు ఉబ్బుతాయి, జూమ్ చేస్తే తలలు తెగుతాయి. కదలికను నున్నగా చేసే సెట్టింగు ఆపేయండి. సెకనుకు 24 ఫ్రేముల ఫిల్ముకు అది వీడియో నాటకం రూపు తెస్తుంది.

మొదటి సీజన్‌లో జట్టు నాయకుడిగా వేసింది స్టీవెన్ హిల్. పీటర్ గ్రేవ్స్ వచ్చేది రెండో సీజన్‌లో. జట్టు సభ్యులుగా వేసిన మార్టిన్ లాండౌ, బార్బరా బెయిన్ మూడో సీజన్ వరకే ఉంటారు. కాబట్టి ‘ద ట్రెయిన్’ తర్వాత నేరుగా రెండు, మూడు సీజన్లకు వెళ్లండి.

— ఒక పాఠకుడు, విజయవాడ