అలల లెక్క సరే, అడుగున బురద సంగతేంటి?

ఎడిటర్ గారికి,

తుపాను వచ్చిన ప్రతిసారీ పేపర్లలో గాలి వేగం ఎంత, అల ఎత్తు ఎంత అనే చదువుతాం. సముద్రంలో ఆయిల్, గ్యాస్ తీసే ప్లాట్‌ఫాంలు నిలబడతాయా లేదా అన్నదీ ఆ రెండు అంకెలతోనే తేల్చేస్తాం. కాకినాడలో ఉంటూ రోజూ ఆఫ్‌షోర్ మాటలు వినే మాలాంటివాళ్లకి కూడా, కాళ్ల కింద నేలే జారితే ఏంటన్న ఆలోచన రాదు.

2004 సెప్టెంబర్‌లో అమెరికాలోని లూసియానా తీరంలో జరిగింది అదే. ఐవాన్ తుపాను అలల బరువుకి అడుగున మిసిసిపీ నది తెచ్చిపోసిన మెత్తటి ఒండ్రు పట్టు తప్పి జారింది. టేలర్ ఎనర్జీ అనే కంపెనీ ఆయిల్ ప్లాట్‌ఫాంని కూల్చి 500 అడుగులకు పైగా ఈడ్చుకుపోయింది, బావులు బురద కింద పడిపోయాయి, కారే ఆయిల్‌ని పట్టే ఏర్పాటు కుదిరేసరికి 2019 వచ్చింది. 1969లో కామిల్ తుపానప్పుడు కూడా ఆ డెల్టా దగ్గరే ఒక ప్లాట్‌ఫాం ఇలాగే పోయింది, అయినా మళ్లీ అదే జరిగింది!

బురదే కదా అనుకోవద్దు. నీటికంటే ఒకటిన్నర రెట్లు బరువుండొచ్చు, వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలవుతుంది, మెల్లగా జారినా ఆ మట్టి బిగువే చాలు నెట్టడానికి. 1929లో గ్రాండ్ బ్యాంక్స్ భూకంపం తర్వాత అట్లాంటిక్ అడుగున జారిన మట్టి 12 టెలిగ్రాఫ్ కేబుళ్లని తెంపేసింది.

మన గోదావరి, కృష్ణ తెచ్చేదీ ఒండ్రే. కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్‌లో సముద్రపు అడుగు వాలు మీద పాత జారుళ్ల ఆనవాళ్లు సర్వేల్లో కనిపించాయి. 2020 డిసెంబర్‌లో గ్యాస్ మొదలైన అక్కడి ఆర్ క్లస్టర్ అనే గ్యాస్ క్షేత్రం 2,000 మీటర్లకు పైగా లోతులో ఉంది. అంత లోతుకి తుపాను అలల ఒత్తిడి అందదు, నిజమే, కానీ భూకంపానికి, పేరుకున్న మట్టి బరువుకి ఆ లోతు అడ్డం కాదుగా. రేపే ఏదో కూలుతుందని భయపెట్టడం లేదు, సర్వే చేయకుండా అంత ఖర్చు పెట్టి ఎవరూ పైపు వేయరు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి మంట చూసిన జిల్లా వాళ్లం కాబట్టి అడుగుతున్నాం.

వీలైతే మీ విలేకరితో ఒక్క ప్రశ్న అడిగించండి: పాత జారుళ్లు ఎక్కడెక్కడున్నాయి, మన పైపులు వాటి పక్కగా పోయాయా, అడ్డంగా పోయాయా? ఆ మ్యాపు తెలుగులో వేస్తే అర పేజీ చాలు.

– ఒక పాఠకుడు, కాకినాడ